చివర దొరకని పువ్వు

దొడ్డమ్మ అల్లిన పువ్వుకి చివర దొరకదు. దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ తెగిందో ఎంత తిప్పి చూసినా తెలియదు. నా చిన్నప్పుడు సెలవు మీద ఊరొచ్చి నాకు లేసు నేర్పిస్తూ, "చివర కనబడిందనుకో, ఎవరో ఒకరు లాగుతారే. లోపలికి దాచెయ్," అనేది.

రెండు వేల ఇరవై మూడు వేసవి అంతా నేను ఆ చివరల కోసం వెతికాను.

పదో తరగతి పరీక్షలు రాసి విజిట్ వీసా మీద గల్ఫ్‌లో కల్బా అనే ఊరు వెళ్ళాను. నాన్న అక్కడ ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపులో టైలరు. అమ్మ అదే షాపులో కాజాలు, బొత్తాలు, అంచులు చూసేది. షాపు వెనక గదే ఇల్లు. నేను నర్సాపురం దగ్గర మా ఊళ్ళో నానమ్మ దగ్గర పెరిగినదాన్ని. అమ్మతో అన్ని రోజులు వరసగా ఉండడం అదే మొదటిసారి. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసేది కాదు. అమ్మ సూది అందిస్తే దారం ఎక్కించి ఇచ్చేదాన్ని.

దొడ్డమ్మ అంటే అమ్మ అక్క, నాగరత్నమ్మ. అదే ఊళ్ళో సముద్రం వైపు ఒక అరబ్బుల ఇంట్లో ఇరవై ఏళ్ళు దాటి పనిచేస్తోంది. ఆ ఇంటి పెద్దావిడని అందరూ మామా అంటారు. మామా చిన్నకూతురు మరియంని నెలల పిల్లగా దొడ్డమ్మ చేతిలో పెట్టారట. ఆ మరియం ఇప్పుడు కడుపుతో ఉంది. జూలై ఆఖర్లో కాన్పు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలందరినీ మొదటిరోజు దొడ్డమ్మ లేసుగుడ్డ మీదే పడుకోబెట్టారు. ఈసారీ పెట్టాలి. అందుకని దొడ్డమ్మ పువ్వులు అల్లి మాకు పంపుతోంది, అమ్మ వాటిని అతుకుతోంది.

మా వైపు లేసుపని ఒక్కళ్ళే మొత్తం చెయ్యరు. పువ్వులు అల్లేవాళ్ళు పువ్వులే అల్లుతారు, అతికేవాళ్ళు అతుకే చేస్తారు. దొడ్డమ్మది పువ్వు చెయ్యి, అమ్మది అతుకు చెయ్యి. లేసు ఊళ్ళో పుట్టిన మనిషికి పువ్వు అల్లడం రాదంటే బయటివాళ్ళు నమ్మరు. అమ్మకి నిజంగానే రాదు.

గురువారాలు ఆ ఇంటి డ్రైవరు చేపల మార్కెట్టుకి వెళ్తూ మా షాపు ముందు బండి ఆపేవాడు. హయాత్ బాషా, కడప ఆయన.

"ఏం పాపా, మీ దొడ్డమ్మ పూలు పంపిచ్చింది. యల్లా, తొందరగా నీళ్ళల్లో ఏసుకోండి. వాడిపోతాయి," అనేవాడు సంచి ఇస్తూ.

నేను తల వంచుకుని సంచి తీసుకునేదాన్ని. నేను నవ్వేదాకా ఆయన ప్రతి వారం అదే మాట అన్నాడు.

మొదటి సంచిలో పువ్వులు అమ్మ బల్ల మీద పరిచింది. నేను వంగి చూశాను. పువ్వుకి మధ్య గుండ్రం మీగడ రంగు, రేకులు తెలుపు, చుట్టూ ఆకులు లేత పచ్చ. అక్కాచెల్లెళ్ళు ముందే అలా అనుకున్నారు. కొన్ని పువ్వుల్లో రెండు మూడు రేకులు మీగడ రంగులో ఉన్నాయి. కుట్టు మాత్రం అచ్చు గుద్దినట్టుంది. ఒక్క కన్ను వదులు లేదు, ఒక్కటి బిగువు లేదు.

"సాయంత్రంపూట అల్లి ఉంటాది," అంది అమ్మ. "ఆ వెలుతుర్లో తెలుపూ మీగడా ఒకలాగే ఉంటాయి. విప్పి మళ్ళీ అల్లు బాలా. నీకు వచ్చు కదా."

"దొడ్డమ్మకి పంపేద్దామా?"

"వద్దు. మనమే చేసేద్దాం. ఆవిడకి చెప్పకు."

అక్కడ మధ్యాహ్నం షాపులన్నీ మూసేస్తారు. ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా వీధిలో మనిషి ఉండడు. ఎదురుగా కొండలు ఎండకి రంగు పోయి కనపడేవి. నాన్న మిషను పక్కనే చాప వేసుకుని పడుకునేవాడు. నేను కిటికీ కింద కూర్చుని దొడ్డమ్మ పువ్వులు విప్పేదాన్ని.

విప్పడం అల్లడం కన్నా కష్టం. కొస దొరికితే ఒక్క లాగులో వచ్చేస్తుంది. కొస దొరకాలి గదా. దొడ్డమ్మ దాన్ని కుట్ల లోపల నుంచి తిప్పి, వెనక్కి తిప్పి, ఎక్కడో తెంపుతుంది. పువ్వుని వేలికి తొడిగి, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, లేసు సూది మొనతో ఒక్కో కన్నూ కదిపి చూసేదాన్ని. ఏ కన్ను రెండు పోగుల మందం ఉందో అక్కడ కొస ఉంటుంది. దొరికేసరికి మెడ పట్టేసేది, కళ్ళు మండేవి. అప్పుడు లాగితే రేకులు ఒక్కొక్కటే నా ఒళ్ళో దారమైపోయేవి. వచ్చిన దారం వంకులు తిరిగి ఉంటుంది. దాన్ని అట్టముక్కకి చుట్టి, నాన్న లేచాక ఇస్త్రీపెట్టె ఆవిరి పట్టిస్తే కాస్త సాఫు అయ్యేది. రంగులు వేరుచేసుకుని, చాలని చోట కొత్త దారం కలిపి మళ్ళీ అల్లేదాన్ని. నా చెయ్యి దొడ్డమ్మ చెయ్యి కాదు. నా పువ్వు కొంచెం వదులుగా వచ్చేది. గంజిపెట్టి సరిచేసేదాన్ని.

నాకు డైరీ రాసే అలవాటు. ఆ వేసవి పేజీలన్నీ ఒకేలా ఉన్నాయి. ఈ రోజు విప్పాను. ఈ రోజు కూడా విప్పాను. చాలా ఎండ.

జూన్ అయిపోతుండగా వచ్చిన సంచిలో ఒక పువ్వుకి తెల్ల రేకుల మధ్య లేత పచ్చ రేకు ఉంది. మరోదానికి ఆకులన్నీ తెలుపే. పచ్చ రేకున్న పువ్వు తీసి అమ్మ ముందు పెట్టాను.

"అమ్మా, ఇది వెలుతురు లేక కాదు."

అమ్మ అతుకు ఆపలేదు. ఒక పువ్వు రేకు మొన ఇంకో పువ్వు రేకు మొనకి కలిపి, దారం బిగించి, తర్వాతది అందుకుంది.

"తెలుసు," అంది.

నేను నిలబడే ఉన్నాను.

"పోయినేటి నుంచీ. చక్కెర కళ్ళలోకి దిగింది. ఎదురుగా ఉన్నది మసగ్గా, పక్కనుంచైతే కొంచెం కనబడుద్దట. నాకూ చెప్పలేదు అక్క. చెయ్యి గోడకి రాసుకుంటా నడుస్తుంటే నేనే కనిపెట్టి అడిగా. నా చేత ఒట్టు వేయించుకుంది."

"ఆ ఇంట్లో తెలీదా?"

"తెలిస్తే టిక్కెట్టు చేతిలో పెడతారు. ఖలాస్. ఊళ్ళో ఎవరున్నారే ఆవిడకి? మొగుడున్నాడా, పిల్లలున్నారా? ఆ మరియమే పిల్ల. దాని బిడ్డని ఎత్తుకోవాలని కూచుంది. ఒకసారి బిడ్డ చేతిలోకొచ్చిందంటే ఆవిడని ఎవరూ పంపించరు. అప్పటిదాకా ఈ గుడ్డ బాగుండాలి. మామాకి ఇట్టాంటి పువ్వు ఒకటి కనబడిందంటే చాలు, మొత్తం తెలిసిపోద్ది."

"రంగులు తప్పుతున్నాయని దొడ్డమ్మకి తెలుసా?"

"ఆవిడ వేళ్ళకి తప్పు తగల్దు కదా. ఎట్టా తెలుస్తాది?"

నాన్న అప్పటిదాకా మిషను తొక్కుతూనే ఉన్నాడు. దారం తెంపి, "మంగా, పిల్ల వచ్చింది నాలుగు రోజులుండి వెళ్ళడానికి. దానికి ఇదేం పని?" అన్నాడు.

"అయితే మీరు అల్లండి," అంది అమ్మ.

నేను పచ్చ రేకున్న పువ్వు తీసుకుని కిటికీ కిందకి వెళ్ళిపోయాను.

జూలై మొదట్లో హయాత్ బాషా నన్ను ఆ ఇంటికి తీసుకెళ్ళాడు. బిడ్డ గది సర్దాలి, మేనకోడల్ని ఒకరోజు పంపమని మామా అడిగిందట. చెల్లెలి కూతురని చెప్పినా మామాకి మేనకోడలే.

"భయపడొద్దు పాపా," అన్నాడు దారిలో. "ఆ ఇంట్లో అసలు ముదీరు, మేనేజరు, మీ దొడ్డమ్మే. మామా గూడా అడిగి తింటాది."

నిజంగానే దొడ్డమ్మ ఆ ఇంట్లో దేనికీ తగలకుండా తిరిగింది. తల కొంచెం పక్కకి వంచి, ఏదో వింటున్నట్టు నడిచింది. పొయ్యి తిప్పుడుకి ఒక లేసు గొలుసు చుట్టి ఉంది. పాలడబ్బా మెడకి ఇంకొకటి. ఉప్పు సీసాకి ఒక వరస, పంచదార సీసాకి రెండు వరసలు. కొళాయికి కూడా. మామా వాటిని చూపించి, చెయ్యి తల దగ్గర తిప్పి, నవ్వుతూ అరబ్బీలో ఏదో అంది.

"నాకు లేసు పిచ్చి పట్టిందంటోందే," అంది దొడ్డమ్మ. తనూ నవ్వింది.

మరియం పొట్ట పట్టుకుని మెల్లగా వచ్చి దొడ్డమ్మ భుజం మీద గడ్డం ఆనించింది. "నాగీ," అంది. "ఆకలి." ఆ మాట తెలుగులోనే అంది. దొడ్డమ్మ వెనక్కి చెయ్యి పెట్టి ఆమె చెంప తడుముకుని, ఖర్జూరాల గిన్నె అందుకుని ఇచ్చింది. మరియంని అంతసేపు తడమడం ముద్దు కోసమని ఆ ఇంట్లో వాళ్ళనుకుంటారు. నాకు కూడా ముద్దుగానే అనిపించింది. రెండూ అయి ఉండొచ్చు.

బిడ్డ గదికి పక్కనే స్నానాలగది. మామాకి సీసాలన్నీ ఒకేలా కనబడాలట. గాజు సీసాలు కొని, బిడ్డకి పోసే సబ్బునీళ్ళ నుంచి బాత్రూం కడిగే మందు వరకూ అన్నీ వాటిలో పోయించింది. అరబ్బీలో పేర్లు రాసి అంటించింది. అవి నాకూ రావు, దొడ్డమ్మకీ రావు. తువ్వాళ్ళు పేరుస్తుంటే నా కాలికింద మెత్తగా ఏదో తగిలింది. లేసు గొలుసు. రింగులా అల్లింది, చిన్న ముడితో. పైన అరలో పక్కపక్కన రెండు సీసాలు. రెండిటికీ మెడ ఖాళీగా ఉంది.

"ఏంటే, ఆగిపోయావ్?" అంది దొడ్డమ్మ.

"ఇది కింద పడి ఉంది." రింగు ఆమె చేతిలో పెట్టాను.

ఆమె ముడిని వేలితో తడిమింది. "ఇది బిడ్డకి పోసేదానిది. జారినట్టుంది." అర మీద చెయ్యి పెట్టి ఒక సీసా తీసి మూత వాసన చూసింది. రెండోదీ చూసింది. రెండిటికీ ఒకటే పూల వాసన. కాసేపు రెండు చేతుల్లో రెండు సీసాలు పట్టుకుని ఉంది.

"నీలంగా ఉన్నది ఏదే?"

"మీ కుడిచేతిలోది, దొడ్డమ్మా." ఎప్పుడూ నువ్వు అనేదాన్ని, ఎందుకో మీరు అన్నాను.

"ఆఁ, నేనూ అదే అనుకున్నా. నీలంది నేల కడిగేది." రెండోదానికి రింగు తొడిగింది. "ఈసారి బిగువుగా అల్లుతాలే."

ఆ తర్వాత పువ్వులెట్టా వస్తున్నాయి, అమ్మ అతుకు ఎంతవరకు వచ్చింది అని అడిగింది. బాగా వస్తోందన్నాను. తిరిగి వచ్చేటప్పుడు హయాత్ బాషా ఏదో చెప్తూనే ఉన్నాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. నా చేతులకి ఆ పూల వాసన అంటుకుని ఉంది.

తర్వాతి గురువారం సంచి వచ్చింది. అమ్మ తప్పు రంగువి ఏరి ఒక పక్కన పోగేసి నా ముందుకి జరిపింది. నేను ముట్టుకోలేదు.

"ఎండగా ఉందా? సాయంత్రం మొదలెట్టు పోనీ."

"నేను విప్పను."

అంత గట్టిగా అనాలనుకోలేదు. నాన్న మిషను ఆగిపోయింది. అమ్మకి రింగు గురించి చెప్పాను. రెండు సీసాల గురించి చెప్పాను.

అమ్మ సూదికి దారం ఎక్కించుకుంది. "ఆవిడ జాగ్రత్త మనిషి," అంది.

"జాగ్రత్తగానే ఉంది. రింగే జారిపోయింది."

"ఇంకెంత, రెండు వారాలు. ఈ నాలుగూ విప్పవే. బిడ్డ పుట్టాక నేనే మెల్లగా చెప్తా."

"బిడ్డ పుట్టాకా?"

అమ్మ ఆ పోగు తన ముందుకి లాక్కుంది. ఒక పువ్వు తీసి, లేసు సూదితో అటూ ఇటూ పొడిచి చూసింది. అమ్మకి కొస దొరకలేదు. దొరికినా మళ్ళీ అల్లలేదు. పువ్వు బల్ల మీద పడేసి, "అయితే నువ్వే చెప్పు మా అక్కకి," అంది. "నా వల్ల కాదు."

ఆ రోజు మేం ముగ్గురం అన్నం వేరువేరుగా తిన్నాం.

శుక్రవారం దొడ్డమ్మకి సగం పూట సెలవు. హయాత్ బాషా షాపు దగ్గర దింపి, "యల్లా, మళ్ళా వస్తా," అని వెళ్ళిపోయాడు. దొడ్డమ్మ గుమ్మం తడుముకుని లోపలికొచ్చి, చీర సర్దుకుని కూర్చుంది. అమ్మ టీ ఇచ్చి, కాజాలున్నాయని షాపులోకి వెళ్ళింది. కాజాలేమీ లేవు.

నేను పచ్చ రేకున్న పువ్వొకటి తీసుకుని దొడ్డమ్మ చేతిలో పెట్టాను.

ఆమె బొటనవేలు మధ్య గుండ్రం మీదుగా వెళ్ళి, ఒక్కో రేకు ఎక్కి దిగింది. "నాదే. ఏముందే ఇందులో?"

ఆమె రేకులు మళ్ళీ వేలితో లెక్కపెట్టింది.

"రేకు తగ్గిందా? లేదే. సరిగ్గానే ఉన్నాయి."

"కుట్టులో ఏం లేదు దొడ్డమ్మా."

"మరి?"

"రంగు."

వేలు ఆగింది. షాపులో అమ్మ కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

"ఇదొక్కటేనా?"

"కాదు."

"మొదటి సంచి నుంచీనా?"

"ఆఁ."

"మీ అమ్మ అతికినవన్నీ..."

"విప్పి మళ్ళీ అల్లినవి."

"ఎవరు అల్లింది? దానికి రాదుగా."

"నేనే."

దొడ్డమ్మ పువ్వుని అరచేతిలో మూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. కోప్పడుతుందనుకున్నాను. నా వైపు కాకుండా కొంచెం పక్కకి తిరిగింది. అలా తిరిగితేనే నేను కనబడతానని తర్వాత అర్థమైంది.

"చివర ఎట్టా దొరికిందే నీకు?" అంది.

"వెలుగులో పెట్టి చూస్తే, రెండు పోగుల మందం ఉన్న చోట."

"చాలాసేపు పడుద్దే."

"పట్టేది."

"సీసాలప్పుడు నన్ను మీరు అన్నావు," అంది. "ఏదో అయిందనుకున్నా. సూది ఇయ్యి."

ఇచ్చాను. ఆమె పువ్వుని తిరగేసి, చూడను కూడా లేదు, ఒక్క పొడుపుతో కొస బయటికి లాగింది. నేను పూటలు పూటలు వెతికిన కొస. కొస వేళ్ళకి చుట్టుకుని, "ఏ రంగు వస్తోందో చెప్పు," అంది.

లాగింది. ఆకులు ఊడాయి.

"పచ్చ," అన్నాను.

"ఊఁ."

"పచ్చే. ఇప్పుడు తెలుపు. తెలుపు."

రేకు తర్వాత రేకు దిగిపోతోంది. ఆమె చెయ్యి ఒకే వేగంతో లాగుతోంది.

"తెలుపు. పచ్చ."

చెయ్యి ఆగలేదు. "ఇంకా?"

"పచ్చ అయిపోయింది. తెలుపు. మీగడ."

చివరికి ఒళ్ళో వంకుల దారం మిగిలింది. దొడ్డమ్మ దాన్ని ఉండగా చుట్టబోయి, మూడు రంగులూ కలిసిపోతాయని గుర్తొచ్చిందేమో, నా చేతిలో పెట్టేసింది. తర్వాత టీ తాగింది. చల్లారిపోయి ఉంటుంది.

మర్నాడు తనే మామాకి చెప్పింది. హయాత్ బాషా వచ్చి చెప్పాడు మాకు. "మామా శానా అరిసింది అక్కా. కండ్లు పోయినాయని కాదు. ఏడాది పొద్దు నోరు మూసుకోని ఉన్నందుకు. మరియం ఏడ్సింది. మీ అక్క మాత్రం వంట చేసుకుంటా ఉండాది."

పక్క ఊరు ఫుజైరాలో కళ్ళ డాక్టరుకి చూపించారు. పోయింది రాదు, ఉన్నది మందులతో నిలబెట్టొచ్చు అన్నాడు. బిడ్డని చూసుకోడానికి శ్రీలంక మనిషి వచ్చింది. దొడ్డమ్మని వెంటనే పంపించలేదు. ఉండిపొమ్మనీ అనలేదు. కాన్పు అయ్యాక మరియం దొడ్డమ్మని కింద గోడకి ఆనించి కూర్చోబెట్టి, కాళ్ళ మీద లేసుగుడ్డ పరిచి, దాని మీద బిడ్డని పడుకోబెట్టిందట. ఆడపిల్ల. దొడ్డమ్మ బిడ్డ మీంచి చెయ్యి తీసేదాకా శ్రీలంకావిడ పక్కనే నిలబడి ఉందట. ఇది కూడా హయాత్ బాషా చెప్పిందే. దొడ్డమ్మ దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ వారమే, నాతోపాటు ఊరొచ్చేస్తానంది.

గుడ్డలో చివరి పువ్వులన్నీ నావే. అమ్మ అతికింది. ఆ రోజుల్లో అమ్మ నాతో పెద్దగా మాట్లాడలేదు. తన ఒక్కగానొక్క అక్కని, ఆ దేశంలో ఉన్న ఒక్క పుట్టింటి మనిషిని, నేను పంపించేస్తున్నాను. అలా అనలేదు అమ్మ. ప్రయాణం ముందు వారం మధ్యాహ్నం నన్ను పక్కన కూచోబెట్టుకుని, "ఇటు చూడు," అని అతుకు మొదలుపెట్టింది. రేకు మొన రేకు మొనకి ఎలా పట్టాలో, ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో. తప్పు పెడితే మాట లేకుండా నా చేతిలోంచి తీసుకుని విప్పి మళ్ళీ ఇచ్చేది.

"ఇక పువ్వులు అక్కడ ఉంటాయి," అంది ఒకసారి. "నేనిక్కడ. ఎవరు అతుకుతారు?"

ఇప్పుడు దొడ్డమ్మ ఊళ్ళో మా దగ్గరే ఉంటోంది. నానమ్మకీ ఆమెకీ రోజూ టీలో పంచదార దగ్గర గొడవ. నేను ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి దొడ్డమ్మ మంచం మీద పువ్వులు సిద్ధంగా ఉంటాయి. అలిసిపోయి ఉంటాను, అయినా వెలుగుండగానే చూసేస్తాను. ఒక్కోరోజు అన్నీ సరిగ్గా వస్తాయి. ఒక్కోరోజు తెల్లదాంట్లో మీగడ పడుతుంది. తప్పుంటే విప్పి, మళ్ళీ అల్లి, అతికి పెడతాను.

ఇప్పుడు విప్పడానికి అంతసేపు పట్టడం లేదు. దొడ్డమ్మ చివర దాచడం మానేసింది. ప్రతి పువ్వుకీ బెత్తెడు దారం బయటికి వదిలేస్తోంది.